ముందుగా బయల్దేరిన తాళంచెవి

అనగనగా అన్నాను కదా అని మరీ పాతకాలం అనుకునేరు! గుర్రాలు పోయి కార్లొచ్చాయి గానీ రాజులింకా పోలేదు. అలాంటి రోజుల్లో అన్నమాట. మెట్టవరం అనే రాజ్యాన్ని చండవేగ మహారాజు ఏలుతుండేవాడు. పేరుకి తగ్గ మనిషి. అన్నం వేడిగా ఉంటే కోపం, చల్లారేదాకా ఆగమంటే ఇంకా కోపం. అలాంటి దొరతో వేగడమంటే మాటలా?

ఆ రాజుగారికి ఒక ఎర్ర స్పోర్ట్స్ కారుండేది. నేలకి కరుచుకుని ఉండేది, ఇద్దరికే చోటు. అది వస్తోందంటే ఊరి కోళ్ళన్నీ చూరెక్కేసేవి. దాన్ని నడిపేవాడి పేరు పైడన్న.

ఆ పైడన్న అలిసిపోయాడు పిల్లలూ. ఒళ్ళు అలిసింది, కళ్ళు అలిశాయి, ఆఖరికి తన పేరు వినీ వినీ చెవులు కూడా అలిశాయి. రాజుగారికి నిద్ర రాకపోతే "పైడన్నా!" నిద్ర లేస్తే "పైడన్నా!" పక్క రాజ్యంలో మామిడిపళ్ళు తియ్యగా ఉన్నాయట, "పైడన్నా!" నడుం పట్టేసిందంటే వినేవాడెవడు? రాజుగారికి వేగం కావాలి గానీ పైడన్న నడుం ఎందుకు?

పైడన్న కోరిక చాలా చిన్నది. కోట బయట, తూర్పు వాకిలి ఎదురుగా అతని ఇల్లు. వాళ్ళావిడ మంగమ్మ అతని కోసం కొత్త నులక అల్లించి మంచం సిద్ధం చేసింది. ఆ మంచం మీద ఒక్క మధ్యాహ్నం, ఎవరూ పిలవకుండా, కంటినిండా నిద్రపోవాలి. అంతే! మడులు అడిగాడా, మాన్యాలు అడిగాడా? నిద్ర అడిగాడు పాపం.

సరే, దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు కారుకి స్నానం చేయించారు. పసుపూ కుంకుమా పెట్టారు, బంతిపూల దండ వేశారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ఇక కొబ్బరికాయ కొట్టాలి. అందరూ ఎలా కొడతారు? వంగి, రాయి మీద, ఒద్దికగా. మన రాజుగారు వంగుతారా! రెండు చేతులా పైకెత్తి, నేల బద్దలయ్యేట్టు విసిరికొట్టారు. కాయ పగిలింది. పగిలిన చెక్కొకటి ఎగిరొచ్చి కారు ముందద్దానికి టప్పున తగిలింది. అద్దం మీద వేలెడు పగులు!

మేళం ఆగిపోయింది. ఆస్థాన సిద్ధాంతిగారు గొంతు సవరించుకుని, "ఉన్న దిష్టంతా పోయింది ప్రభూ!" అన్నారు. దిష్టితో పాటు అద్దం కూడా పోయింది కదయ్యా అని పైడన్న మనసులో అనుకున్నాడు.

అసలు పైడన్న ఆ వేళ సెలవడుగుదామనే వచ్చాడు. సమయం కాదని తెలుసు. కానీ అలిసిన మనిషికి సమయం చూసుకునే ఓపికెక్కడిది? అడిగేశాడు.

"ప్రభూ, నా వల్ల కావడం లేదు. ఇంక నన్ను ఇంటికి పోనివ్వండి."

రాజుగారు పగులు వంక చూశారు, పైడన్న వంక చూశారు. "ఈ అద్దం సంగతి తేల్చు. కొత్త అద్దంతో నన్ను తూర్పు కనుమ దాటించి, ఆ అద్దం చెక్కుచెదరకుండా మళ్ళీ ఈ వాకిట్లో దించు. ఆ రోజే నీకు సెలవు. నా మాట!" అన్నారు.

పైడన్న ప్రాణం లేచొచ్చింది. "రేవుపట్నంలో నూర్జహాన్ అనే ఆవిడుంది ప్రభూ. కారు అద్దాలు బిగించడమే ఆవిడ పని. కబురు పెడితే..."

"పట్నం నుంచా? అంతదాకా ఎవడాగుతాడు?" అన్నారు రాజుగారు.

అదుగో, అక్కడ మొదలయ్యాయి తిప్పలన్నీ.

ముందుగా తిప్పన మంత్రి పూనుకున్నాడు. "రాజుగారి కారుకి పగులా? లోకం వింటే నవ్విపోదూ!" అని, ఆ పగులు మీద రాజముద్ర ఉన్న పెద్ద స్టిక్కరు అతికించేశాడు. పగులు కనపడడం మానేసింది. మంత్రిగారి లెక్కలో, కనపడనిది లేనట్టే. పైడన్నకి ఆ స్టిక్కరు సరిగ్గా కళ్ళకి అడ్డొచ్చింది. మెడ సారస పక్షిలా చాచి నడపాల్సొచ్చేది. ఒకరోజు ఎండెక్కాక పొలిమేర దాటేసరికి స్టిక్కరు అంచుల్లోంచి పగులు బయటికి పాకింది. ఇటు పాకింది, అటు పాకింది, అద్దమంతా ఆవరించింది. అడ్డంగా వచ్చిన గేదె పైడన్నకి కనపడనే లేదు. ఆఖరి క్షణంలో బ్రేకు తొక్కాడు కాబట్టి గేదె బతికింది, రాజుగారూ బతికారు. గేదె తాపీగా వెళ్ళిపోయింది. రాజుగారు మాత్రం ఇంటికొచ్చేదాకా అరుస్తూనే ఉన్నారు, పైడన్న మీద!

"నూర్జహాన్‌ని పిలిపిద్దాం ప్రభూ," అన్నాడు పైడన్న.

"మన కోటలో మనుషులు లేరా?" అన్నారు రాజుగారు.

ఉన్నారు. అంతఃపురం కిటికీలకి అద్దాలు వేసే గవరయ్య మేస్త్రీ ఉన్నాడు. కిటికీల పనిలో మంచి చెయ్యి. "కిటికీ అయితేనేం, కారైతేనేం? అద్దం అద్దమే," అన్నాడు. పాత అద్దం ఊడపీకాడు. చట్రానికి పట్టిన తుప్పు తియ్యలేదు, పాత గమ్ము గీకలేదు. కిటికీ అద్దాన్నే ముక్క కోసి, చుట్టూ లప్పం పూసి నిలబెట్టేశాడు. కారు ముందద్దానికి వంపుంటుందా, దీనికి లేదు. ఆ సందులన్నీ లప్పంతో పూడ్చాడు. "లప్పం ఆరేదాకా ఆగండి ప్రభూ" అని నసిగాడు. రాజుగారు అప్పటికే కార్లో కూర్చున్నారు.

కూర్చుని ఏం చేశారు? తలుపేశారు. ఆయన తలుపు వేసే తీరు రాజ్యమంతటికీ తెలుసు. ఆయన దిగినా ఎక్కినా వాకిట్లో వాళ్ళందరూ ముందే చెవులు మూసుకునేవారు. ధన్‌మని వేశారు. అంతే, లోపలి గాలి తన్నింది. అద్దం ముందుకి వంగి, బానెట్ మీద పడి, బారెడు బారెడు కత్తుల్లా విరిగింది. పట్టుకోబోయిన పైడన్న అరచెయ్యి తెగింది.

మంగమ్మ పసుపు అద్ది కట్టు కడుతూ ఏడ్చింది. "నీ సెలవు మాట దేవుడెరుగు, నువ్వు మిగిలితే చాలయ్యా నాకు."

"ఏడవకే. ఒక్కసారి సరిగ్గా బిగిస్తే అయిపోతుంది," అన్నాడు పైడన్న. నమ్మకంతో అనలేదు. ఏడుపు వినే ఓపిక కూడా లేక అన్నాడు.

ఇంతలో కనుమకి అవతల అత్తవారింట్లో ఉన్న రాజుగారి కూతురికి ఆడపిల్ల పుట్టిందని కబురొచ్చింది. ఆదివారం పొద్దున బారసాల. తాతగారు స్వయంగా చెవిలో పేరు చెప్పాలి. కనుమ దాటాలంటే ముందద్దం లేకుండా కుదరదు, ఆ గాలికి కళ్ళు తెరవలేరు. అప్పుడు, అన్నీ అయ్యాక, రాజుగారు నూర్జహాన్‌కి కబురు పెట్టారు.

శుక్రవారం తెల్లారేసరికి ఆవిడొచ్చింది. లావుపాటి మనిషి, మాటలు తక్కువ. కారు చుట్టూ ఒక్కసారి తిరిగి, "ఎవరు చేశారన్నా ఈ ఘోరం?" అని అడిగింది.

"ఎవరని చెప్పను చెల్లెమ్మా, అందరూ తలో చెయ్యీ వేశారు," అన్నాడు పైడన్న.

ఆవిడ పనిలో దిగింది. చట్రం చుట్టూ పాత గమ్మూ లప్పమూ గీకింది. తుప్పు రుద్దింది, తుడిచింది, మందు పూసింది, ఆరనిచ్చింది. ఆ కారుకే తయారైన, రెండు పొరలు కలిసిన వంపు అద్దం తెచ్చింది. నల్లటి గమ్ము చుట్టూ తెగకుండా పెట్టింది. పైడన్నని రెండో పక్క పట్టుకోమంది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి అద్దాన్ని దించారు. అది చట్రంలో చక్కగా ఒదిగిపోయింది. పైడన్నకి ఎందుకో కళ్ళు చెమర్చాయి.

"రేపు పొద్దెక్కేదాకా కదపకూడదు," అంది నూర్జహాన్ చేతులు తుడుచుకుంటూ. "కిటికీ అద్దాలు కొంచెం దించి ఉంచన్నా. తలుపు గట్టిగా వెయ్యనివ్వకు. పైకి బిగిసినట్టే కనిపిస్తుంది గానీ లోపల గమ్ము ఇంకా పచ్చిగానే ఉంది. ఇప్పుడే కనుమ గాలికి తీసుకెళితే నిలవదు."

ఆ మాట ఆవిడ నోట్లో ఉండగానే మేళం వినపడింది. రాజుగారు పట్టుబట్టలు కట్టుకుని బయల్దేరొచ్చేశారు! వెనక మంత్రి, ఆ వెనక సిద్ధాంతిగారు.

"అద్దం పడిందా?"

"పడింది ప్రభూ."

"అయితే పద!"

నూర్జహాన్ అడ్డంగా నిలబడింది. "ఇవాళ కదపకూడదు మహారాజా. రేపు వెళ్ళండి."

"రేపా! రేపు శనివారం. తూర్పుకి వారశూల," అన్నారు సిద్ధాంతిగారు కంగారుగా. "శుభానికి వెళుతూ శూలకి ఎదురెళ్ళకూడదు. ఇవాళ మధ్యాహ్నం లోపు బయల్దేరాల్సిందే."

"విన్నావా? మనవరాలి చెవిలో పేరు చెప్పేందుకు వెళుతున్నాను. శూల నెత్తిన పెట్టుకుని వెళ్ళనా?" అని రాజుగారు పైడన్న వైపు తిరిగారు. "ఈవిడతో నాకెందుకు! బండి నీది. నువ్వు చెప్పు పైడన్నా. సిద్ధమేనా? ఇవాళ బయల్దేరితే బారసాల అవగానే తిరుగు ప్రయాణం. వాకిట్లో నన్ను దించావంటే నీకు సెలవు. ఒక్క మాట చెప్పు చాలు."

ఒక్క మాట! పైడన్న అద్దం వంక చూశాడు. తళతళలాడుతోంది. ఎవరు చూసినా సిద్ధమనే అనుకుంటారు. సిద్ధం అంటే ఆ కొత్త మంచం తనదే. అన్నేళ్ళ అలుపంతా ఒక్కసారి భుజాల మీదికొచ్చి కూర్చుంది. అననా? అంటే ఏమవుతుంది? ఏమీ అవకపోవచ్చు కూడా. స్టీరింగ్ పట్టే ఆ చేతి కేసి చూసుకున్నాడు. అరచేతిలో గాయం ఇంకా ఎర్రగానే ఉంది. కనుమ మలుపులో, గాలి రివ్వున కొట్టే చోట, అద్దం రాజుగారి మొహాన పడడం కళ్ళకి కట్టింది.

"లేదు ప్రభూ. సిద్ధం కాలేదు," అన్నాడు.

మంగమ్మ ఎదురుగా తన ఇంటి గుమ్మంలో నిలబడి వింటోంది. ఆవిడ కళ్ళు మూసుకుంది.

రాజుగారి మొహం జేవురించింది. "అయితే నీ సెలవు కూడా సిద్ధం కాలేదు పో! బతికున్నన్నాళ్ళు ఈ బండే నడుపు. తాళం ఇలా తే. ఇవాళ నేనే తోలుకుంటాను!" అని చెయ్యి చాచారు.

పైడన్న చేతిలో తాళంచెవి ఉంది. ఉన్నది ఒక్కటే తాళం. ఇస్తే ప్రాణాపాయం, ఇవ్వకపోతే రాజధిక్కారం. వాదించడానికి ఒంట్లో శక్తి లేదు. అలా తాళంచెవి వంక చూస్తూ నిలబడిన మనిషికి వాళ్ళత్త గుర్తొచ్చింది. ఆ ముసలావిడకి శూలంటే మహా భయం. మంచిరోజు వెళ్ళడం కుదరకపోతే, ఆ రోజే తన గొడుగు పట్టుకెళ్ళి ఎదురింట్లో పెట్టొచ్చేది. మర్నాడు శూలైనా వర్జ్యమైనా దర్జాగా బయల్దేరేది. గొడుగు నిన్ననే బయల్దేరింది కదా, నేను దాని వెనక పోతున్నానంతే అనేది.

పైడన్న సిద్ధాంతిగారి వైపు తిరిగాడు. "అయ్యా, తెలియక అడుగుతున్నాను. ఇవాళ ప్రస్థానం ఉంచితే చెల్లదా?"

సిద్ధాంతిగారు నుదురు కొట్టుకున్నారు. "అయ్యో, ఎందుకు చెల్లదు! మంచివేళకి ప్రయాణపు వస్తువొకటి తూర్పుదిక్కున వేరే ఇంట్లో ఉంచితే, ప్రయాణం ఇవాళే మొదలైనట్టు. రేపు వెళ్ళినా శూల అంటదు. కంగారులో నాకే తట్టలేదు సుమా!"

రాజుగారికి మనసు ఒప్పలేదు. కానీ సిద్ధాంతిగారి మాట కాదనలేరు. "సరే, నా కత్తి పంపండి," అన్నారు విసురుగా.

"కత్తి ప్రయాణం కాదు కదా ప్రభూ, కారు ప్రయాణం," అన్నాడు పైడన్న వినయంగా. "తాళంచెవి పంపితేనే సబబు."

"సబబే!" అన్నారు సిద్ధాంతిగారు. "పంపిన వస్తువు మాత్రం వెనక్కి రాకూడదు. వస్తే ప్రయాణం భంగమైనట్టే."

నూర్జహాన్ పైడన్న వైపు చూసింది. మొదటిసారి నవ్వింది.

ఇక చూడాలి ఆ సంబరం! వెండి పళ్ళెంలో తమలపాకులు పరిచి, తాళంచెవికి పసుపు రాసి, తిప్పన మంత్రి నెత్తిన పెట్టారు. ముందు మేళం, పైన గొడుగు. ఆ ఊరేగింపు తూర్పు వాకిలి దాటి, ఎదురుగా ఉన్న పైడన్న ఇంటికెళ్ళి ఆగింది. మంగమ్మ హారతిచ్చి, తాళంచెవిని దేవుడి గూట్లో పెట్టింది.

రాజుగారు ఊరుకుంటారా? పొద్దు వాలుతుండగా ఒంటరిగా నడుచుకుంటూ వచ్చేశారు. "కోట చుట్టూ ఒక్క చుట్టు, అంతే! తాళం ఇవ్వమ్మా," అన్నారు మంగమ్మతో, చిన్నపిల్లాడిలా.

మంగమ్మ చేతులు జోడించింది. "తమరిల్లే దొరా ఇది, తమ తాళమే. కానీ బయల్దేరిన వస్తువుని వెనక్కి పట్టుకెళతారా? పసిబిడ్డకి పేరుపెట్టే ప్రయాణం..."

చాచిన చెయ్యి వెనక్కి వెళ్ళింది. ఏం చెయ్యాలో తోచక రాజుగారు వాకిట్లో ఉన్న మంచం మీద కూలబడ్డారు, మజ్జిగ తాగారు. "మంచం బాగుందే!" అన్నారు. పైడన్న ఇంకా ఒక్కసారైనా నడుం వాల్చని మంచం అది. ఏం చెప్పమంటారు పిల్లలూ, కొందరి రాత అలా ఉంటుంది!

శనివారం పొద్దెక్కింది. నూర్జహాన్ అద్దం అంచు చుట్టూ వేలితో నొక్కి చూసి తలాడించింది. తాళం వెనక్కి రాకూడదు కదా, అందుకని నలుగురు కలిసి కారునే పైడన్న గుమ్మం ముందుకి తోశారు. గూట్లోంచి తాళం తీసుకుని పైడన్న బండెక్కాడు. కారు బయల్దేరింది.

కనుమ ఎక్కారు. గాలి రివ్వుమంది, అద్దం కదల్లేదు. "చూశావా, నిన్ననే వచ్చి ఉండాల్సింది," అని రాజుగారు గొణిగారు. పైడన్న స్టీరింగ్ తిప్పాడు. మలుపు తిరిగేసరికి ఎదురుగా రాళ్ళ లారీ వస్తోంది. దాని మీద నుంచి పిడికిలంత రాయి ఎగిరింది. సరిగ్గా రాజుగారి మొహానికి ఎదురుగా వచ్చి అద్దానికి ఫెడీమని తగిలింది!

పైడన్న కారాపాడు. రాజుగారు రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని ఉన్నారు. మెల్లగా తీసి చూశారు. ఆయన ముందు అద్దమంతా సాలెగూడులా పగిలింది. కానీ ఒక్క పెంకు రాలలేదు, చట్రం నుంచి వెంట్రుకంత కూడా ఊడలేదు. ఆయన వేలు పెట్టి తాకి చూశారు.

"ఊడలేదే!"

"ఊడదు ప్రభూ. గమ్ము ఆరింది."

రాజుగారు మెల్లగా అడిగారు, "నిన్న వచ్చి ఉంటే?"

పైడన్న తన వైపు అద్దంలోంచి దారి చూసుకుని గేరు వేశాడు. కారు మళ్ళీ కదిలింది. ఈసారి వేగంగా పొమ్మని ఎవరూ అనలేదు.

బారసాల జరిగింది. తాతగారు మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని చెవిలో పేరు చెప్పారు. పాప ఆయన ముక్కు పట్టుకుని వదల్లేదు. నిన్నటి రాయికి ఆ ముక్కు మిగిలేది కాదు కదా అనుకున్నాడు పైడన్న.

తిరుగుదారంతా అతనికి ఒకటే దిగులు. బతికున్నన్నాళ్ళు నడపమన్నది కోపంలో అన్నారనుకున్నా, అద్దం చెక్కుచెదరకుండా తెమ్మన్నారు. అద్దం చెదిరింది. ఇంకేం సెలవు? మళ్ళీ స్టిక్కరు, మళ్ళీ లప్పం, మళ్ళీ "పైడన్నా!" ఏడుద్దామన్నా ఓపిక లేదు.

కారు వాకిట్లో ఆగింది. తిప్పన మంత్రి పరిగెత్తుకొచ్చి అద్దం చూసి, చంకలోంచి చుట్టిన కాగితం ఒకటి తీశాడు. "దిగులు పడకండి ప్రభూ, ఇంకో స్టిక్కరు ఉంది!"

రాజుగారు దిగారు. వాకిట్లో వాళ్ళంతా అలవాటుగా చెవులు మూసుకున్నారు. ఆయన తలుపు మీద రెండు వేళ్ళు ఆనించి, మెల్లగా నెట్టారు. టక్. అంతే. చెవులు మూసుకున్న వాళ్ళకి తలుపు పడిందని తెలియనే లేదు.

"ఆ స్టిక్కరు అవతల పారెయ్యి. నూర్జహాన్‌కి కబురు పెట్టు. ఆవిడ వచ్చేదాకా బండి కదలదు. వచ్చాక కూడా, ఆవిడ కదలమనేదాకా కదలదు," అన్నారు మంత్రితో.

పైడన్న తలొంచుకుని తాళం అందించాడు. "ప్రభూ, అద్దం చెదిరింది..."

"అద్దం చెదిరితే చెదిరింది. మొహాన్ని దక్కించావు కదయ్యా!" అన్నారు రాజుగారు. "మొన్న సిద్ధం అని ఉంటే నీకు సెలవొచ్చేది. తెలిసీ అనలేదు. ఇంటికెళ్ళు పైడన్నా. వెళ్ళి పడుకో."

పైడన్న వెళ్ళాడు. వాకిలి దాటాడు, కాళ్ళు కడుక్కున్నాడు, మంగమ్మ పెట్టిన గంజన్నం తిన్నాడు, కొత్త నులక మీద నడుం వాల్చాడు. వాల్చగానే నిద్రపట్టేసింది. మంగమ్మ పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతూ, తూర్పు వాకిలి వంకే అనుమానంగా చూస్తూ ఉంది. అలవాటైన ప్రాణం కదా.

కోటలో రాజుగారికి ఏదో గుర్తొచ్చింది. కిటికీ దగ్గరికొచ్చి, ఊపిరి తీసుకుని, "పైడ..." అన్నారు. అని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఎదురింటి మంచం మీద పైడన్న పక్కకి ఒత్తిగిల్లాడు గానీ లేవలేదు.

కాబట్టి పిల్లలూ, చెయ్యి తీసేసినంత మాత్రాన పని పూర్తయినట్టు కాదు. అది గట్టిపడేదాకా ఆగినవాడూ, కాలేదని నిజం చెప్పినవాడూ కలిస్తేనే పూర్తవుతుంది.